కొత్త కంప్యూటర్‌లో ఏ ఓఎస్ వేసుకోవాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

ఎవరు కొత్త కంప్యూటర్ కొన్నా ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్, అంటే కంప్యూటర్‌ని నడిపే విండోస్, మ్యాక్, లైనక్స్ లాంటి మూల సాఫ్ట్‌వేర్) గురించి తిరిగి తిరిగి ఇవే ప్రశ్నలు వస్తున్నాయి. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట పెట్టాను. వరుసగా చదవక్కర్లేదు, మీ సందేహం ఎక్కడుంటే అక్కడికి వెళ్లిపోండి. నేను విండోస్ పార్టీ కాదు, లైనక్స్ పార్టీ అంతకన్నా కాదు. మీరు వదులుకోలేని సాఫ్ట్‌వేర్ ఏది అన్నదే నేను ఎవరినైనా అడిగే మొదటి ప్రశ్న. చాలామందికి దాని జవాబుతోనే ఓఎస్ కూడా తేలిపోతుంది.

## కొనకముందు

విండోస్, మ్యాక్, లైనక్స్... చదివే కొద్దీ తల తిరుగుతోంది. అసలు ఎక్కడ మొదలుపెట్టాలి?

ఓఎస్ సంగతి కాసేపు పక్కన పెట్టండి. ఒక కాగితం తీసుకుని, ఇప్పుడున్న కంప్యూటర్లో మీరు నిజంగా వాడే ప్రోగ్రాములన్నీ రాయండి. ఏడాదికోసారి వాడేవి కూడా రాయాలి, తర్వాత ఇబ్బంది పెట్టేవి అవే. కింద ప్రింటర్, స్కానర్, డిజిటల్ సంతకం చేసే యూఎస్‌బీ టోకెన్ లాంటి పరికరాలు రాయండి. ఇప్పుడు ఒక్కోదాని పక్కన గుర్తు పెట్టండి: బ్రౌజర్లో నడిచిపోతుందా, వేరేదానితో సరిపెట్టుకోగలరా, అదే ఉండి తీరాలా?

"అదే ఉండి తీరాలి" అన్నవి మాత్రమే ఓఎస్‌ని నిర్ణయిస్తాయి. అవి దేనిమీద నడుస్తాయో ఆ తయారీదారు సైట్లోనే చూసుకోండి. పేరు ఒకటే అయినంత మాత్రాన అన్నిచోట్లా ఒకేలా ఉండదు. ఎక్సెల్ మ్యాక్‌లోనూ ఉంది, కానీ అందులో పవర్ పివట్ (పెద్ద డేటాను విశ్లేషించే సదుపాయం) లేదు. మైక్రోసాఫ్ట్ డేటాబేస్ ప్రోగ్రాం యాక్సెస్ అయితే మ్యాక్‌కి అసలు రాలేదు. అలాంటివి ఒక్కటీ లేకపోతే మీ ఇష్టం, ఏది కొన్నా పని నడుస్తుంది.

ఆఫీసు పనికి వర్డ్, ఎక్సెల్ తప్పనిసరి. లైనక్స్ కుదురుతుందా?

మైక్రోసాఫ్ట్ ఆఫీస్ డెస్క్‌టాప్ ప్రోగ్రాములు లైనక్స్‌కి లేవు. బ్రౌజర్లో వాడే ఆఫీస్ ఉంది, చిన్నాచితకా పనులకు చాలు. లిబ్రేఆఫీస్ ఉచితం, వర్డ్, ఎక్సెల్ ఫైళ్లను తెరుస్తుంది, సేవ్ చేస్తుంది.

చిక్కు ఎక్కడంటే, ఫైలు అటూ ఇటూ తిరిగేటప్పుడు. మీ దగ్గర కాలిబ్రి ఫాంట్ లేకపోతే లైనక్స్ దాని బదులు వేరే ఫాంట్ వేస్తుంది, నాలుగు పేజీల కాంట్రాక్టు ఐదో పేజీలోకి జారుతుంది, సంతకం పెట్టే చోటు ఒంటరిగా చివరి పేజీలో మిగులుతుంది. కార్లిటో అనే ఫాంట్ వేసుకుంటే అక్షరాల వెడల్పు కాలిబ్రితో సరిపోతుంది కాబట్టి ఈ ఒక్క గొడవ చాలావరకు తగ్గుతుంది. మ్యాక్రోలు, క్లిష్టమైన పివట్ టేబుళ్లు ఉన్న ఎక్సెల్ ఫైళ్ల మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. మీరు రాసి పీడీఎఫ్ పంపే రకమైతే లిబ్రేఆఫీస్ హాయిగా సరిపోతుంది. నలుగురు దిద్దే ఫైళ్ల మీద రోజంతా కూర్చునే రకమైతే విండోస్ లేదా మ్యాక్ తీసుకోండి, టెన్షన్ ఉండదు.

గేమ్స్ ఆడతాను. విండోస్ తప్ప వేరే దారి లేదా?

ఇప్పుడు ఉంది. స్టీమ్ గేమ్ స్టోర్ నడిపే వాల్వ్ కంపెనీ 2018లో ప్రోటాన్ (విండోస్ గేములను లైనక్స్‌లో నడిపే సాఫ్ట్‌వేర్) తెచ్చాక విండోస్ గేములు చాలా వరకు లైనక్స్‌లో నడుస్తున్నాయి. 2022లో వచ్చిన వాళ్ల చేతిలో పట్టుకుని ఆడే గేమింగ్ పరికరం స్టీమ్ డెక్ కూడా లైనక్స్ మీదే నడుస్తుంది. ఒక్కడే ఆడుకునే గేములకు పెద్దగా ఇబ్బంది లేదు. ఆన్‌లైన్ పోటీ గేముల్లోనే అసలు అడ్డంకి: వాటి యాంటీ-చీట్ (ఆటలో మోసాన్ని పట్టుకునే సాఫ్ట్‌వేర్) లైనక్స్‌ని ఒప్పుకోకపోతే గేమ్ తెరుచుకోదు. వాలరెంట్, ఫోర్ట్‌నైట్ అలాంటివే. మీరు ఆడే గేముల పేర్లు ప్రోటాన్‌డీబీ సైట్లో ఒక్కొక్కటీ వెతికి చూడండి. మ్యాక్‌కి వచ్చే గేములు తక్కువ, గేముల కోసమని మ్యాక్ కొనకండి.

వీడియో ఎడిటింగ్, ఫొటో పని చేస్తాను. మ్యాకే కొనాలంటున్నారు, నిజమేనా?

"కొనాలి" అన్నది నిజం కాదు. ఫొటోషాప్, ప్రీమియర్ విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ ఉన్నాయి, లైనక్స్‌లో లేవు. ఫైనల్ కట్ (వీడియో), లాజిక్ (సంగీతం) ఈ మూడింటిలో మ్యాక్‌లో మాత్రమే. డావిన్చి రిజాల్వ్ మూడింటిలోనూ ఉంది గానీ, లైనక్స్ ఉచిత వెర్షన్‌కి ఫోన్లో తీసే హెచ్.264 ఫార్మాట్ వీడియోలతో పేచీ, ముందు వేరే ఫార్మాట్‌లోకి మార్చుకోవాలి. బ్లెండర్ (3డీ), క్రిటా (డ్రాయింగ్) మాత్రమే వాడేవారికి ఏ ఓఎస్ అయినా ఒకటే.

ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్నాను. లైనక్స్ తప్పనిసరా?

తెలిసి ఉండటం తప్పనిసరి, కంప్యూటర్ నిండా అదే ఉండటం కాదు. విండోస్ లోపలే లైనక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్ ఉంది, నేర్చుకోవడానికి చాలు. ఐఫోన్ యాప్‌లు తయారు చేయాలంటే మాత్రం ఎక్స్‌కోడ్ కావాలి, అది మ్యాక్‌లోనే ఉంటుంది.

యూట్యూబ్, మెయిల్, వీడియో కాల్స్ తప్ప ఇంకేమీ వాడం. క్రోమ్‌బుక్ చాలదా?

చాలు. క్రోమ్‌బుక్ అంటే గూగుల్ ఓఎస్‌తో, ఎక్కువగా బ్రౌజర్ మీదే నడిచే ల్యాప్‌టాప్. పెద్దవాళ్లకు, చిన్నపిల్లలకు ఇచ్చే కంప్యూటర్ అయితే నేను ముందుగా చెప్పేది అదే, ఎందుకంటే చెడగొట్టడానికి అందులో పెద్దగా ఏమీ ఉండదు. కొనేముందు ఆ మోడల్‌కి అప్‌డేట్లు ఏ తేదీ వరకు వస్తాయో గూగుల్ జాబితాలో చూడండి. 2021 నుంచి విడుదలైన మోడళ్లకు పదేళ్లు ఇస్తామని గూగుల్ చెప్పింది. కానీ ఆ లెక్క ఆ రకం మెషిన్ మొదట వచ్చిన తేదీ నుంచి, మీరు కొన్న రోజు నుంచి కాదు. డిస్కౌంట్లో దొరికే పాత మోడల్‌కి గడువు సగం అయిపోయి ఉండొచ్చు.

తెలుగు టైపింగ్ దేనిలో బాగుంటుంది?

మూడింటిలోనూ బాగానే ఉంది, తెలుగు కోసం తిప్పలు పడే కాలం దాటిపోయింది. విండోస్‌లో ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు అమరిక)తో పాటు 2019 నుంచి తెలుగు ఫొనెటిక్ కీబోర్డు (ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు టైపు చేసేది) కూడా వస్తోంది. లైనక్స్‌లో ఐబస్ అనే టైపింగ్ సాధనానికి ఎం17ఎన్ ప్యాకేజీ కలిపితే ఇన్‌స్క్రిప్ట్‌తో పాటు, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు టైపు చేసే ఐట్రాన్స్, ఆర్‌టీఎస్ పద్ధతులూ దొరుకుతాయి. మ్యాక్ సెట్టింగ్స్‌లో తెలుగు కీబోర్డు సిద్ధంగా ఉంటుంది.

జాగ్రత్త పడాల్సింది పాత డీటీపీ ఫైళ్లు ఉన్నవాళ్లు. యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షరాల ప్రమాణం) కాని ఫాంట్లతో టైపు చేసిన తెలుగు, ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగలిసిన గజిబిజిలా కనిపిస్తుంది. ఆ పని ఇంకా చేస్తున్నవారు విండోస్ దగ్గరే ఉండండి, లేదా మారేముందే ఫైళ్లన్నిటినీ యూనికోడ్‌లోకి మార్చుకోండి.

## కొనేటప్పుడు

డాస్ ల్యాప్‌టాప్ అని తక్కువ ధరకు ఇస్తున్నారు. అంటే ఏంటి?

ఓఎస్ లేని ల్యాప్‌టాప్ అని అర్థం. ఆన్ చేస్తే వచ్చేది సాధారణంగా ఫ్రీడాస్, నల్లటి తెర మీద అక్షరాలు. అందులో మీ రోజువారీ పనులేవీ చేయలేరు. లైనక్స్ వేసుకునే ఉద్దేశం ఉంటే ఇది మంచి బేరమే. విండోస్ కావాలనుకుంటే లైసెన్స్ విడిగా కొన్నాక మొత్తం ఎంతవుతుందో కలిపి చూడండి, తేడా తరచూ ఆవిరైపోతుంది.

విండోస్ హోమ్ చాలా, ప్రో కావాలా?

ఇంట్లో వాడేవారికి హోమ్ చాలు. ప్రోలో అదనంగా వచ్చేవి: బయటినుంచి ఈ కంప్యూటర్‌కి రిమోట్ డెస్క్‌టాప్‌తో కనెక్ట్ కావడం, హైపర్-వి, గ్రూప్ పాలసీ, ఆఫీసు డొమైన్‌లో చేరడం, బిట్‌లాకర్ (డిస్క్‌ని ఎన్‌క్రిప్ట్ చేసి తాళం వేసే సదుపాయం) పూర్తి సెట్టింగ్స్. ఈ పేర్లలో ఒక్కటీ మీకు అవసరమనిపించకపోతే ప్రో మీకోసం కాదు. అవసరం పడితే హోమ్ నుంచి ప్రోకి తర్వాతైనా మారొచ్చు, ఫైళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి.

"విండోస్ ఎస్ మోడ్" అని రాసి ఉంది. కొనొచ్చా?

కొనొచ్చు. ఆ మోడ్‌లో మైక్రోసాఫ్ట్ స్టోర్‌లోని యాప్‌లు తప్ప ఇంకేవీ ఇన్‌స్టాల్ కావు. సెట్టింగ్స్‌లోంచి ఉచితంగా బయటికి రావచ్చు గానీ మళ్లీ వెనక్కి వెళ్లలేరు. దానికోసం ఎవరికీ డబ్బు ఇవ్వకండి.

స్నాప్‌డ్రాగన్ ల్యాప్‌టాప్‌లో విండోస్ మామూలు విండోసేనా?

చూడటానికి అంతే. లోపల ప్రాసెసర్ ఏఆర్ఎం రకం కాబట్టి, ఇంటెల్, ఏఎమ్‌డీల కోసం రాసిన ప్రోగ్రాములను అది అనువదించుకుంటూ నడుపుతుంది. మామూలు ప్రోగ్రాములకు ఆ తేడా పెద్దగా తెలియదు, బ్యాటరీ మాత్రం బాగా వస్తుంది. డ్రైవర్లకు (పరికరాలను నడిపే సాఫ్ట్‌వేర్‌కు) ఈ అనువాదం వర్తించదు. పాత స్కానర్, యూఎస్‌బీ టోకెన్, కొన్ని ఆఫీసు వీపీఎన్‌లు, యాంటీ-చీట్ ఉన్న కొన్ని గేములు అక్కడే ఆగిపోవచ్చు. వీటికి ఏఆర్ఎం డ్రైవర్ ఉందో లేదో చూశాకే డబ్బు కట్టండి. లైనక్స్ వేసుకునే ఆలోచన కూడా ఉంటే ఈ ల్యాప్‌టాప్‌ల జోలికి ఇప్పుడే పోకండి.

మ్యాక్ కొని దాంట్లో విండోస్ వేసుకోవచ్చు కదా?

ఇంటెల్ మ్యాక్‌లలో బూట్ క్యాంప్‌తో వేసుకునేవాళ్లు. 2020 చివర్లో ఎం1తో మొదలైన యాపిల్ సొంత ప్రాసెసర్ల మీద ఆ సదుపాయం లేదు. ప్యారలల్స్ లాంటి వర్చువల్ మెషిన్‌లో (ఒక ఓఎస్ లోపల ఇంకో ఓఎస్ నడిపే సాఫ్ట్‌వేర్‌లో) ఏఆర్ఎం విండోస్ నడపొచ్చు. చిన్న అకౌంటింగ్ ప్రోగ్రాం లాంటిది అప్పుడప్పుడు తెరవడానికి పనికొస్తుంది. రోజంతా విండోస్‌లోనే పనైతే విండోస్ కంప్యూటరే కొనుక్కోవడం తెలివి. ఇంకోమాట: సెకండ్‌హ్యాండ్‌లో ఇంటెల్ మ్యాక్ చవగ్గా వస్తోందని ఆశపడకండి. 2025లో వచ్చిన మ్యాక్‌ఓఎస్ టాహో వాటికి చివరి వెర్షన్ అని యాపిల్ చెప్పేసింది.

విండోస్ 11 నచ్చలేదు. కొత్తదాంట్లో విండోస్ 10 వేసుకుంటే?

వద్దు. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. పొడిగింపుగా ఇచ్చే భద్రతా అప్‌డేట్లు పాత కంప్యూటర్ ఉన్నవాళ్లకు ఊపిరి పీల్చుకునే వ్యవధి మాత్రమే. పైగా కొత్త హార్డ్‌వేర్‌కి విండోస్ 10 డ్రైవర్లు దొరకకపోవచ్చు.

ఆన్‌లైన్లో విండోస్ కీ మరీ చవగ్గా అమ్ముతున్నారు. పని చేస్తుందా?

ఆ రోజుకి యాక్టివేట్ అవుతుంది, అందుకే అమ్ముడుపోతున్నాయి. వాటిలో చాలావరకు కంపెనీలకు మూకుమ్మడిగా ఇచ్చిన లైసెన్స్‌ల నుంచో, వేరే మెషిన్లతో వచ్చిన కీల నుంచో బయటికి వచ్చినవి. ఎప్పుడైనా రద్దు కావచ్చు, అడగడానికి అమ్మినవాడు దొరకడు. సక్రమమైన వాటిలోనూ ఒక తేడా ఉంది: ఓఈఎం (కంప్యూటర్‌తో పాటు వచ్చే) లైసెన్స్ ఆ మదర్‌బోర్డుకే పరిమితం, రిటైల్ (విడిగా కొనే) లైసెన్స్‌ని తర్వాత కొనే కంప్యూటర్‌కి మార్చుకోవచ్చు.

## ఇన్‌స్టాల్ చేసేటప్పుడు

లైనక్స్‌లో వందల రకాలున్నాయి. మొదటిసారి వాడేవాళ్లకి ఏది?

లైనక్స్ మింట్, లేదా ఉబుంటు ఎల్‌టీఎస్ (ఎక్కువ కాలం మద్దతు ఉండే వెర్షన్). విండోస్ అలవాటు ఉన్నవారికి మింట్‌లో కింద పట్టీ, మూలన మెనూ ఉంటాయి కాబట్టి తడుముకోవాల్సిన పని ఉండదు. ఉబుంటు ఎల్‌టీఎస్ రెండేళ్లకోసారి, సరి సంవత్సరాల ఏప్రిల్‌లో వస్తుంది, ఐదేళ్లు మద్దతు ఉంటుంది. మార్కెట్లోకి అప్పుడే వచ్చిన ల్యాప్‌టాప్ అయితే ఫెడోరా చూడండి. ఆరు నెలలకోసారి కొత్త వెర్షన్ వస్తుంది కాబట్టి కొత్త వైఫై చిప్‌లను ముందుగా గుర్తుపట్టేది అదే. కాకపోతే ఒక్కో వెర్షన్‌కి మద్దతు దాదాపు 13 నెలలే. ఇంతకుమించి వెతక్కండి, రకాల మీద వాదించుకోవడం లైనక్స్ వాళ్ల కాలక్షేపం.

ఇన్‌స్టాల్ చేయకుండా ముందు లైనక్స్ ఎలా ఉంటుందో చూడొచ్చా?

చూడొచ్చు, చూడాలి కూడా. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి రూఫస్ లేదా బలేనా ఎచర్ అనే ప్రోగ్రాంతో లైనక్స్ ఐఎస్ఓ ఫైలు (ఆ ఓఎస్ మొత్తం ఉండే ఫైలు) రాయండి (పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా పోతుంది). కంప్యూటర్ ఆన్ అవుతుండగా బూట్ మెనూ కీ నొక్కండి, కంపెనీని బట్టి ఎఫ్12, ఎఫ్9, ఎస్కేప్ ఇలా ఏదో ఒకటి ఉంటుంది. యూఎస్‌బీ ఎంచుకుంటే లైనక్స్ పెన్‌డ్రైవ్ నుంచే లేస్తుంది, మీ డిస్క్‌ని ముట్టుకోదు.

వాల్‌పేపర్ చూసి మురిసిపోయి ఆపేయకండి. వైఫై కలపండి. ఒక వీడియో పెట్టి శబ్దం వినండి. కెమెరా, మైకు, బ్లూటూత్ చూడండి. వెలుతురు తగ్గించే కీలు నొక్కండి. ఇక అన్నిటికన్నా ముఖ్యం: మూత మూసి, కొంచెం ఆగి తెరవండి. తెర నల్లగానే ఉండిపోయిందా, వైఫై తిరిగి రాలేదా? ల్యాప్‌టాప్‌లలో లైనక్స్ తడబడేది ఎక్కువగా ఇక్కడే, ఇన్‌స్టాల్ చేశాక కనిపెడితే ఆలస్యం అయినట్టే.

విండోస్, లైనక్స్ రెండూ పక్కపక్కన ఉంచుకోవాలి. ఏం జాగ్రత్తలు?

ముందు ముఖ్యమైన ఫైళ్లు వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. ఆ తర్వాత బిట్‌లాకర్ రికవరీ కీ. కొత్త విండోస్ 11 కంప్యూటర్లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ కాగానే డిస్క్ ఎన్‌క్రిప్షన్ చాలాసార్లు మీకు తెలియకుండానే ఆన్ అయి ఉంటుంది. బయోస్‌లో (ఓఎస్ కన్నా ముందు లేచే మదర్‌బోర్డు సెట్టింగ్స్‌లో) కొన్నిటిని మార్చగానే నీలం తెర వచ్చి 48 అంకెల కీ అడగొచ్చు. అది మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో దాచి ఉంటుంది, ముందే తెరిచి కాగితం మీద రాసుకోండి. ఆ కీ లేకపోతే డిస్క్‌లో ఉన్నదాన్ని మైక్రోసాఫ్ట్ కూడా తెరవలేదు.

లైనక్స్‌కి జాగా విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్ నుంచే ఖాళీ చేయండి. ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి, లేదంటే విండోస్ పూర్తిగా షట్‌డౌన్ కాదు, దాని డిస్క్ మీద లైనక్స్ రాయబోతే ఫైళ్లు పాడయ్యే ప్రమాదం ఉంది. వరుస కూడా ముఖ్యమే: ముందు విండోస్, తర్వాత లైనక్స్. లైనక్స్ వేసే బూట్ మెనూలో రెండూ కనిపిస్తాయి. తిరగేసి చేస్తే విండోస్ తనను తానే ముందు పెట్టుకుంటుంది.

డెస్క్‌టాప్ అయితే, లేదా ల్యాప్‌టాప్‌లో రెండో స్లాట్ ఉంటే, లైనక్స్‌కి విడిగా ఇంకో ఎస్ఎస్‌డీ పెట్టండి. ఈ గొడవల్లో చాలావరకు అసలు రావు.

లైనక్స్ ఇన్‌స్టాలర్లో నా ఎస్ఎస్‌డీ కనిపించడం లేదు. పాడైందా?

పాడవలేదు. బయోస్‌లో స్టోరేజ్ మోడ్ ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ లేదా రెయిడ్ అని ఉండి ఉంటుంది. దాన్ని ఏహెచ్‌సీఐకి మార్చాలి, కానీ విండోస్ కూడా ఉంచుకునేవాళ్లు నేరుగా మార్చేస్తే అది లేవదు. ముందు బిట్‌లాకర్ కీ దగ్గర పెట్టుకుని, విండోస్‌ని సేఫ్ మోడ్‌లో (కనీస డ్రైవర్లతో) లేచేలా సెట్ చేయండి. రీస్టార్ట్ చేసి బయోస్‌లో మోడ్ మార్చండి. విండోస్ ఒకసారి సేఫ్ మోడ్‌లో లేచి కొత్త డ్రైవర్ ఎక్కించుకుంటుంది. తర్వాత సేఫ్ మోడ్ తీసేయండి.

విండోస్ మొదటిసారి ఆన్ చేయగానే అకౌంట్ అడుగుతోంది. తప్పదా?

హోమ్ ఎడిషన్‌లో సెటప్‌కి ఇంటర్నెట్, మైక్రోసాఫ్ట్ అకౌంట్ రెండూ అడుగుతుంది. తప్పించుకునే చిట్కాలు ఆన్‌లైన్లో తిరుగుతుంటాయి, మైక్రోసాఫ్ట్ వాటిని ఒక్కొక్కటీ మూసేస్తోంది. నా సలహా: అకౌంట్‌తో సెటప్ ముగించి, తర్వాత సెట్టింగ్స్‌లోకి వెళ్లి లోకల్ అకౌంట్‌కి మారండి. మారేముందు రికవరీ కీ రాసుకోవడం మాత్రం మరవకండి.

విండోస్ తీసేసి లైనక్స్ వేశాక మళ్లీ విండోస్ కావాలంటే లైసెన్స్ పోయినట్టేనా?

పోదు. విండోస్‌తో వచ్చిన బ్రాండెడ్ కంప్యూటర్లలో కీ మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్‌లోనే (బోర్డులో దాచిన సాఫ్ట్‌వేర్‌లో) ఉంటుంది. మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి ఇన్‌స్టాలర్ దింపుకుని అదే ఎడిషన్ వేస్తే నెట్ తగలగానే యాక్టివేట్ అవుతుంది.

## వాడకం మొదలయ్యాక

యాంటీవైరస్ కొనాలా?

ఇంటి వాడకానికి అక్కర్లేదు. విండోస్‌లో డిఫెండర్ ముందే ఉంది, దాన్ని ఆపకుండా అప్‌డేట్లు వేసుకుంటే చాలు. ల్యాప్‌టాప్‌తో పాటు ట్రయల్‌గా వచ్చిన యాంటీవైరస్ తీసేయండి, గడువు అయ్యాక అది భయపెట్టడం తప్ప చేసేదేమీ ఉండదు. మ్యాక్, లైనక్స్‌లకు వైరస్‌లు రావన్నది మాత్రం నమ్మకండి. దొంగ లింకు నొక్కి పాస్‌వర్డ్ ఇచ్చేస్తే ఏ ఓఎస్సూ కాపాడలేదు.

ఒకే ఎక్స్‌టర్నల్ డిస్క్‌ని విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింటిలోనూ వాడాలి. ఏ ఫార్మాట్?

ఎక్స్‌ఫ్యాట్. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్ఎస్‌ని మ్యాక్ చదువుతుంది గానీ దానిమీద రాయదు. పాత ఫ్యాట్32లో 4 జీబీకి మించిన ఫైలు పట్టదు. ఎక్స్‌ఫ్యాట్ డిస్క్‌ని "ఎజెక్ట్" నొక్కకుండా లాగేస్తే ఫైళ్లు దెబ్బతినే అవకాశం ఎక్కువ, ఆ ఒక్క అలవాటు చేసుకోండి.

కొన్నాక ఎన్నేళ్లు అప్‌డేట్లు వస్తాయి?

విండోస్ 11 హోమ్, ప్రోల ఒక్కో వార్షిక వెర్షన్‌కి 24 నెలలు. కొత్త వెర్షన్లు వేసుకుంటూ పోతే అప్‌డేట్లు ఆగవు, మీ హార్డ్‌వేర్‌ని మైక్రోసాఫ్ట్ వద్దనే దాకా. మ్యాక్‌కి రాసిచ్చిన గడువు లేదు గానీ చివరి మూడు వెర్షన్లకు భద్రతా అప్‌డేట్లు రావడం ఆనవాయితీ. లైనక్స్‌లో ఒక వెర్షన్ మద్దతు ముగిస్తే తర్వాతిది ఉచితంగా వేసుకోవడమే, కంప్యూటర్ పాతదైనా పెద్దగా పట్టించుకోదు.

లైనక్స్ నుంచి విండోస్‌లోకి వెళ్తే గడియారం గంటలు తప్పు చూపిస్తోంది. బ్యాటరీ పోయిందా?

బ్యాటరీ కాదు. మదర్‌బోర్డు గడియారాన్ని విండోస్ స్థానిక సమయంగా చదువుతుంది, లైనక్స్ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం)గా చదువుతుంది. ఒకటి సరిచేస్తే ఇంకోదానికి తప్పవుతుంది. తేడా కచ్చితంగా మీ టైమ్ జోన్ తేడా అంతే ఉంటే కారణం ఇదే. లైనక్స్‌ని కూడా స్థానిక సమయం వాడమని చెప్పడం తేలిక, టైమ్‌డేట్‌సీటీఎల్ అనే ఆదేశంలో దానికి సెట్టింగ్ ఉంది. అలా చేశాక విండోస్‌లో టైమ్ ఒక్కసారి "సింక్ నౌ" నొక్కితే సరిపోతుంది.